ఆమెను ఎవరైనా అడిగారా? ‘స్టెయిర్‌వే టు హెవెన్’ నుంచి మన ‘కన్యాశుల్కం’ దాకా

 

ఈరోజు రెండు పాత కథలు చెప్తాను. ఒకటి కొరియాది, రెండోది మనదే, అచ్చంగా విజయనగరంలో పుట్టింది. రెండింట్లోనూ ప్రేమ ఉంది, డబ్బాశ ఉంది, ఓర్వలేనితనం ఉంది. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మన ఇళ్లకి, మన ఫోన్లకి కూడా వర్తిస్తుంది. ముందే చెప్తున్నా, రెండు కథలూ చివరిదాకా చెప్పేస్తాను. చూడనివాళ్లు, చదవనివాళ్లు ఉంటే ఇక్కడ ఆపుకుని తర్వాత రండి. ఇంకో మాట. మధ్యలో ఆత్మహత్య గురించి కొంచెం మాట్లాడాల్సి వస్తుంది.

ఏటీ, ఇప్పుడు రోజుకో కొత్త కె-డ్రామా వస్తుంటే ఇరవై ఏళ్లకిందటి సీరియల్ ఎందుకు అంటారా? చెప్తాను.

‘స్టెయిర్‌వే టు హెవెన్’. అంటే స్వర్గానికి మెట్లు. 2003 డిసెంబర్‌లో కొరియాలోని ఎస్‌బీఎస్ ఛానెల్‌లో మొదలై 2004 ఫిబ్రవరిలో అయిపోయింది. మొత్తం 20 ఎపిసోడ్లు. అక్కడ రేటింగ్ 40 శాతం దాటింది. హీరోయిన్ చోయ్ జీవూ. అంతకుముందే 2002లో ‘వింటర్ సొనాటా’తో పెద్ద స్టార్ అయింది. హీరో క్వాన్ సాంగ్‌వూ. చెడ్డ సవతి చెల్లెలిగా కిమ్ తేహీ. చిన్నప్పటి హీరోయిన్‌గా చేసిన పాప ఎవరో తెలుసా? పార్క్ షిన్‌హే. ‘ది హైర్స్’, ‘డాక్టర్స్’ చూసినవాళ్లు ఆ మొహం చూడగానే గుర్తుపట్టేస్తారు. ఈరోజు మీరు చూసే కె-డ్రామాల్లో యాక్సిడెంట్లు, మతిమరుపు, సవతి తల్లి, డబ్బున్న ఇంటి అబ్బాయి, చివర్లో పెద్ద జబ్బు, ఇవన్నీ ఒకే దగ్గర కుప్పపోసి చూపించిన సీరియల్ ఇది. అందుకే దీంతో మొదలుపెట్టాను.

కథ ఇది. జంగ్‌సో, సాంగ్‌జు చిన్నప్పటి నుంచి ఒకరంటే ఒకరికి ప్రాణం. జంగ్‌సోకి తల్లి లేదు. తండ్రి ప్రొఫెసర్. ఆయన ఒక సినిమా నటిని రెండో పెళ్లి చేసుకుంటాడు. ఆమె పేరు తే మీరా. ఆమెకి ముందే ఇద్దరు పిల్లలు, కొడుకు తేహ్వా, కూతురు యూరి. తండ్రి ఇంట్లో లేనప్పుడు మీరా, జంగ్‌సోని నానా బాధలు పెడుతుంది. యూరికైతే జంగ్‌సోది ఏదైనా సరే తనకే కావాలి. గది, బట్టలు, ఆఖరికి సాంగ్‌జు కూడా.

సాంగ్‌జు చదువుకని విదేశాలకు వెళ్తాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చే రోజున జంగ్‌సో అతన్ని కలవడానికి పరిగెడుతుంటే యూరి కారు ఆమెని గుద్దేస్తుంది. జంగ్‌సోకి గతం మొత్తం పోతుంది. యూరి ఆమె చనిపోయిందని అందరినీ నమ్మిస్తుంది. ఇక్కడ తేహ్వా వస్తాడు. అతనికి జంగ్‌సో అంటే పిచ్చి ప్రేమ. నిజం తెలిసి కూడా చెప్పడు. ఆమెకి జిసూ అని కొత్త పేరు పెట్టి, వేరేచోటికి తీసుకెళ్లి, ఐదేళ్లు దాచుకుంటాడు. ఐదేళ్ల తర్వాత యూరితో నిశ్చితార్థానికి సిద్ధమవుతున్న సాంగ్‌జు కంట్లో ఈ జిసూ పడుతుంది. అక్కడి నుంచి ఏడుపే ఏడుపు. గతం గుర్తొస్తుంది, యూరి మళ్లీ అడ్డుపడుతుంది, ఆఖరికి జంగ్‌సోకి కంటి క్యాన్సర్ వచ్చి చూపు పోతుంది. తేహ్వా తన ప్రాణం తీసుకుని తన కళ్లు ఆమెకి ఇస్తాడు. అయినా ఆమె బతకదు. సముద్రం ఒడ్డున సాంగ్‌జు ఒళ్లో చనిపోతుంది.

ఇంతవరకు విన్నాక మీలో చాలామంది అనుకునేది ఏమిటంటే, యూరి రాక్షసి, మీరా రాక్షసి, తేహ్వా పాపం. నెట్‌లో ఎక్కడ చూసినా తేహ్వాకి ఫ్యాన్స్ ఉన్నారు. సెకండ్ లీడ్ సిండ్రోమ్ అంటారు కదా, దానికి పాత ఉదాహరణల్లో ఇతనొకడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. యూరి ఏం చేసింది? జంగ్‌సో జీవితాన్ని లాక్కుంది. తేహ్వా ఏం చేశాడు? అతనూ అదే చేశాడు. ఆమె పేరు తీసేశాడు, తండ్రిని దూరం చేశాడు, ప్రేమించినవాడిని దూరం చేశాడు, ఆమె గతాన్ని ఆమెకి తెలియకుండా దాచాడు. తేడా ఎక్కడుందంటే, యూరి చేస్తే వెనకాల భయపెట్టే మ్యూజిక్ వస్తుంది, తేహ్వా చేస్తే ఏడిపించే మ్యూజిక్ వస్తుంది. మ్యూజిక్ మ్యూట్ చేసి చూడండి, ఇద్దరి పనీ ఒకేలా కనిపిస్తుంది.

హీరో సాంగ్‌జు మాత్రం తక్కువ తిన్నాడా? జిసూ కనబడగానే నువ్వే జంగ్‌సోవి అంటాడు. ఆ పిల్ల కాదు మొర్రో అంటున్నా వినడు. కథలో అతని అనుమానం నిజమే కాబట్టి మనం చప్పట్లు కొడతాం. నిజ జీవితంలో ఒక అమ్మాయి, నువ్వనుకునే మనిషిని నేను కాదు, నన్ను వదిలెయ్ అంటుంటే వెంటపడేవాణ్ని ఏమంటాం?

ఈ సీరియల్‌లో ఒక బూమరాంగ్ ఉంటుంది, గుర్తుందా? విసిరితే తిరిగి చేతికొస్తుంది. ప్రేమ కూడా అంతే, ఎంత దూరం పోయినా తిరిగొస్తుంది అన్నది కథ మొత్తానికి ఆధారం. వినడానికి ఎంత బాగుందో. బూమరాంగ్ చెక్కతో చేసింది, దానికి సొంత ఇష్టం ఉండదు. మనిషికి ఉంటుంది. తిరిగి రాకపోవడం కూడా ఆ మనిషి ఇష్టమే. ఇరవై ఎపిసోడ్లలో జంగ్‌సో గురించి అందరూ ఏడుస్తారు, అరుస్తారు, కొట్టుకుంటారు. నీకేం కావాలి అని ఆమెను తీరిగ్గా అడిగినవాళ్లు ఎంతమంది? నేను చెప్పిన ప్రశ్న ఇదే. ఆమెను ఎవరైనా అడిగారా?

ఇప్పుడు ఈ ప్రశ్న పట్టుకుని కొరియా నుంచి విజయనగరం వచ్చేద్దాం.

విజయనగరం వాళ్లకి బొంకులదిబ్బ తెలుసు. అక్కడే మొదలవుతుంది ‘కన్యాశుల్కం’ నాటకం. గురజాడ అప్పారావు గారు రాశారు. ఆయన పుట్టింది 1862లో, ఎస్.రాయవరంలో. జీవితంలో ఎక్కువ భాగం విజయనగరంలోనే గడిచింది, 1915లో పోయారు. ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ విజయనగరంలో ఉంది. ఈ నాటకాన్ని మొదటిసారి విజయనగరంలో 1892లో ఆడారు. పుస్తకంగా 1897లో వచ్చింది. తర్వాత దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్తగా రాసి 1909లో మళ్లీ వేశారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండోదే. 1955లో సినిమా కూడా వచ్చింది, ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి.

స్కూల్లో పాఠంగా చదివి, పరీక్ష రాసి, మర్చిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. పాఠంగా కాకుండా సీరియల్‌లా వినండి ఒకసారి.

కన్యాశుల్కం అంటే పెళ్లికొడుకు, పెళ్లికూతురి తండ్రికి డబ్బివ్వడం. అప్పట్లో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల్లో ఇది ఎంత ముదిరిందంటే, చిన్న చిన్న ఆడపిల్లల్ని డబ్బున్న ముసలివాళ్లకి కట్టబెట్టేవారు. ఇదేదో నాటకం కోసం కల్పించింది కాదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. గురజాడ తన మొదటి ముద్రణ ముందుమాటలో ఆ లెక్కలు ఇచ్చారు. వాళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు.

ఏడాది పిల్లకి పెళ్లి. ఓలమ్మో అనిపించట్లేదూ? ఆ వయసుకి మాటలే సరిగ్గా రావు. ఐదేళ్లు, అంతకంటే తక్కువ వయసువాళ్లని కలిపితే 188 మంది. అంటే ప్రతి ఐదు పెళ్లిళ్లలో ఒకటికి కాస్త తక్కువ. ఈ లెక్క పక్కన పెట్టుకుని కథ వినండి.

అగ్నిహోత్రావధానులు అని ఒకాయన. కోపిష్టి. పెద్ద కూతురు బుచ్చమ్మని చిన్నప్పుడే పెళ్లి చేసేశాడు, మొగుడు పోయాడు, ఆ పిల్ల చిన్న వయసులోనే వితంతువై పుట్టింట్లో ఉంది. ఇప్పుడు చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలాయనకి ఇవ్వడానికి బేరం కుదుర్చుకున్నాడు. లుబ్ధుడంటే పిసినారి, పేరులోనే ఉంది. సుబ్బి తల్లి వెంకమ్మ వద్దని నెత్తీనోరూ కొట్టుకుంటుంది, వినడు.

వెంకమ్మ అన్నయ్య కరటకశాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. తన శిష్యుడు మహేశం అనే కుర్రాడికి ఆడపిల్ల వేషం వేసి, కూతుర్ని అమ్ముకునే తండ్రిలా తాను వేషం కట్టి, లుబ్ధావధాన్ల దగ్గరికే వెళ్తాడు. సుబ్బి కంటే తక్కువ డబ్బుకి ఇస్తానంటాడు. చవగ్గా వస్తుంటే పిసినారి వదులుతాడా? సుబ్బి సంబంధం పక్కన పడేస్తాడు, మగపిల్లాడిని పెళ్లి చేసుకుంటాడు! ఎంత నవ్వొస్తుందో, ఆలోచిస్తే అంత భయమేస్తుంది. ఆ ముసలాయనకి పక్కన కూర్చున్న పెళ్లికూతురి మొహం కంటే ధర ముఖ్యం.

ఇక ప్రేమ, ఈర్ష్య ట్రాక్ ఇది. గిరీశం. ఇంగ్లీషు ముక్కలు, పెద్ద పెద్ద సంస్కరణ ఉపన్యాసాలు, జేబులో పైసా ఉండదు. పూటకూళ్లు పెట్టుకుని బతికే ఒక వితంతువు దగ్గర ఆశ్రయం, డబ్బు. మధురవాణి అనే వేశ్య దగ్గర షోకు. మధురవాణి అతన్ని వదిలి రామప్పంతులు అనే లౌక్యుడి దగ్గరికి వెళ్తోంది. ఒక సీన్‌లో పూటకూళ్లమ్మ గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చేస్తుంది. ఈ మొనగాళ్లిద్దరూ మంచం కింద దూరతారు. ఇప్పటి ఏ సిట్‌కామ్‌కీ తీసిపోదు ఆ సీను.

తర్వాత గిరీశం, తన శిష్యుడు వెంకటేశానికి తోడుగా అని చెప్పి అగ్నిహోత్రావధానుల ఇంటికి చేరతాడు. అక్కడ బుచ్చమ్మ కనిపిస్తుంది. ప్రేమ అంటాడు, వితంతు వివాహం అంటాడు, సంస్కరణ అంటాడు. ఆమెకి పెద్దగా చదువు లేదు, లోకం తెలీదు, జీవితం మొత్తం ఒక మూల గదిలో గడిచిపోతుందని మాత్రం తెలుసు. నమ్ముతుంది. లేవదీసుకుపోతాడు.

ఇక్కడ తేహ్వాని గుర్తుతెచ్చుకోండి. గిరీశం మంచి మాటలు చెప్పాడు, తేహ్వా మంచి పనులు చేశాడు. ఇద్దరూ ఎదుటి మనిషికి నిజం మాత్రం చెప్పలేదు. నిజం తెలియని మనిషి ఒప్పుకున్నా అది ఒప్పుకోవడం అవుతుందా? జిసూ సంతోషంగానే ఉంది కదా అంటారు. తను ఎవరో తనకి తెలియకపోతే ఆ సంతోషం ఎవరిది?

రెండు కథల్లోనూ తేడా ఏమిటో ఇప్పుడు చెప్తాను. కొరియా సీరియల్లో అత్యాశ, అసూయ రెండూ ఒక ఇంట్లో ఉంటాయి. మీరా, యూరి లేకపోతే కథ సుఖంగా సాగిపోయేది. చెడ్డవాళ్లని తీసేస్తే చాలు అనే ధైర్యం మనకిస్తుంది. చూసి ఏడ్చి, యూరిని తిట్టుకుని, హాయిగా పడుకుంటాం.

గురజాడ ఆ సౌకర్యం మనకి ఇవ్వలేదు. అగ్నిహోత్రావధానులు రాక్షసుడు కాదు, ఊళ్లో పదిమందీ చేసేదే చేస్తున్నాడు. లుబ్ధావధాన్లు కూడా అంతే. మధ్యవర్తి, పురోహితుడు, ఊరి పెద్దలు, ఎవరి వాటా వాళ్లు తీసుకుంటున్నారు. ఒక యూరిని జైల్లో పెడితే తీరే సమస్య కాదది. అందరూ చేసేదే కదా అన్న మాట వెనకాల అత్యాశ దాక్కుని ఉంది. 1034 పెళ్లిళ్లు చేయించింది ఒక సవతి తల్లి కాదు కదా.

సుబ్బి గురించి ఇంత గొడవ జరుగుతుంది. తండ్రి బేరం, తల్లి ఏడుపు, మేనమామ ఎత్తు, పిసినారి లెక్కలు. సుబ్బిని మాత్రం ఎవరూ అడగరు. ఆ వయసు పిల్లని అడగడానికేముంది, అంత చిన్న పిల్లకి పెళ్లేంటి అని ఆపాల్సింది. అదీ చేయలేదు.

మరి ఈ నాటకంలో అడిగినవాళ్లు, ఆగినవాళ్లు ఎవరూ లేరా? ఉంది. ఎవరూ ఊహించని మనిషి. మధురవాణి.

పెళ్లికూతురు వేషం వేసిన మహేశం మాయమైపోగానే లుబ్ధావధాన్ల మీద హత్య కేసు పడుతుంది. పెళ్లాన్ని చంపేశాడని. నిజం మధురవాణికి తెలుసు. సౌజన్యారావు పంతులు అనే వకీలు ఉన్నాడు, నిజాయితీపరుడు, వేశ్యల మొహం కూడా చూడనని పట్టుదల ఉన్నవాడు. మధురవాణి మగవేషం వేసుకుని ఆయన దగ్గరికి వెళ్తుంది. కేసు తేల్చే నిజం నా దగ్గరుంది, చెప్తే నాకో ముద్దు ఇవ్వాలి అంటుంది. ఒక మనిషి ప్రాణం కోసం ఆయన చాలా ఇబ్బంది పడి ఒప్పుకుంటాడు. నిజం చెప్తుంది. గిరీశం బండారం కూడా బయటపడుతుంది. బుచ్చమ్మని పూనాలోని వితంతువుల శరణాలయానికి పంపే ఏర్పాటు అవుతుంది. చదువుకుంటుంది, తర్వాత తన సంగతి తను ఆలోచించుకుంటుంది.

ఇక ముద్దు. ఆయన మాట ఇచ్చాడు, ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. మధురవాణికి ఆయనంటే గౌరవం ఉంది, అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. తీసుకుంటే తప్పనేవాడు లేడు, బేరం ప్రకారం అది ఆమెదే. ఆమె ఆపేస్తుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లికి మాటిచ్చానని చెప్పి వదిలేస్తుంది.

ఫ్రెండ్స్, నాటకం మొత్తంలో అందరూ తీసుకునేవాళ్లే. డబ్బు తీసుకునేవాళ్లు, పిల్లని తీసుకునేవాళ్లు, నగ తీసుకునేవాళ్లు. ఊరంతా చులకనగా చూసే మనిషి ఒక్కతే, తన చేతికొచ్చినదాన్ని ఎదుటివాడి మనసు చూసి వదిలేసింది. తేహ్వా దగ్గర, యూరి దగ్గర లేనిది ఇదే. తీసుకోగలిగీ వదిలేయడం. ఇరవై ఎపిసోడ్ల కన్నీళ్ల కంటే నాకు ఈ ఒక్క సీన్‌లో ప్రేమ ఎక్కువ కనిపించింది.

సరే, కథలు అయిపోయాయి. ఇప్పుడు మన సంగతి.

మొదటిది. కన్యాశుల్కం పోయింది కదా, ఇంకేంటి అంటారు. డబ్బు వెళ్లే దిక్కు మారింది, బేరం పోలేదు. అప్పుడు పిల్ల తండ్రి తీసుకునేవాడు, ఇప్పుడు పిల్లాడి తండ్రి తీసుకుంటున్నాడు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇవ్వడం తప్పే, తీసుకోవడం తప్పే. అయినా కట్నం అనే మాట మానేసి లాంఛనాలు, బంగారం, స్థలం, కారు అంటున్నాం. మీలో పెళ్లి సంబంధాలు చూస్తున్న అబ్బాయిలకి ఒకటే అడుగుతున్నా. మీ పేరు మీద మీ ఇంట్లో ఏం బేరం జరుగుతోందో మీకు తెలుసా? మా పెద్దవాళ్లు చూసుకుంటున్నారు అన్నది జవాబు కాదు. సుబ్బి చిన్నపిల్ల కాబట్టి నోరు విప్పలేకపోయింది. మీకు నోరుంది.

రెండోది. బాల్య వివాహాలు. 2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మీ క్లాస్‌లో ఒక అమ్మాయి సెలవుల తర్వాత బడికి రాలేదనుకోండి, పెళ్లి కుదిర్చారని తెలిసిందనుకోండి, 1098కి ఫోన్ చెయ్యొచ్చు. పిల్లల కోసం ఉన్న నంబర్ అది. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కరటకశాస్త్రిలా వేషాలు కట్టక్కర్లేదు, ఒక్క కాల్ చాలు.

మూడోది, వెంటపడడం. ఆమె ఒద్దన్నా మెసేజ్‌లు పెట్టడం, కాలేజీ గేటు దగ్గర కాపు కాయడం, కొత్త అకౌంట్లు తెరిచి ఆమె ఏం చేస్తోందో చూస్తూ ఉండడం. ఇవి సీరియల్‌లో ప్రేమ, చట్టంలో నేరం. భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఇదే. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రేమించుకుంటున్నవాళ్లకి కూడా చెప్తున్నా. నీ ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వు, ఎవరితో మాట్లాడావో చూపించు, ఆ ఫొటో తీసెయ్, ఇవి పొసెసివ్‌నెస్ అని ముద్దుగా పిలుచుకుంటున్నాం. యూరి చేస్తే అసూయ అన్నాం కదా? పేరు మార్చినంత మాత్రాన పని మారదు. ఇది అమ్మాయిలకి కూడా వర్తిస్తుంది.

నాలుగోది కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. తేహ్వా తన ప్రాణం తీసుకుని కళ్లు ఇవ్వడం. ఆ సీన్ చూసి లక్షలమంది ఏడ్చారు. ప్రేమకి అదే గొప్ప రుజువు అన్నట్టు తీశారు. రెండు విషయాలు మీకు తెలియాలి. ఒకటి వైద్యం. నేత్రదానంలో ఇచ్చేది కార్నియా, అంటే కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర. అది పాడై చూపు పోయినవాళ్లకే కార్నియా మార్పిడి పనికొస్తుంది. కంటి క్యాన్సర్‌కి అది మందు కాదు. కాబట్టి ఆ త్యాగం వైద్యపరంగా కూడా నిలబడదు.

రెండోది అంతకంటే ముఖ్యం. కళ్లు ఇవ్వడానికి ఎవరూ చావక్కర్లేదు. నిండు జీవితం బతికి, వయసొచ్చి పోయిన మన తాతలు, అమ్మమ్మలు ఇవ్వొచ్చు. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. మనిషి పోయాక ఆరు గంటల్లోపు తీసుకోవాలి, అందుకని ఇంట్లోవాళ్లు వెంటనే ఐ బ్యాంక్‌కి ఫోన్ చెయ్యాలి. వచ్చేదాకా కళ్లు మూసి ఉంచాలి, గదిలో ఫ్యాన్ ఆపెయ్యాలి. మన ఉత్తరాంధ్రకి దగ్గర్లో విశాఖలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఈ సీరియల్ చూసి మీకేదైనా చెయ్యాలనిపిస్తే ఇంట్లో నేత్రదానం మాట ఎత్తండి. మీరు పోయాక నిర్ణయం తీసుకోవాల్సింది మీవాళ్లే కాబట్టి, మీ ఇష్టం వాళ్లకి ముందే తెలియాలి.

ప్రేమ పోయిందనో, ఇంట్లో గొడవలనో, మార్కులనో చీకటి ఆలోచనలు వస్తున్నవాళ్లు ఇది వింటూ ఉంటే, 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్. ఉచితం, రాత్రీపగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. మీరు పోతే వెనకాల సాడ్ సాంగ్ రాదు. అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు, మీ మంచం ఖాళీగా ఉంటుంది. అంతే.

ఇంత చెప్పి సీరియల్ చూడొద్దు అంటున్నానా? లేదండీ. చూడండి. సముద్రం ఒడ్డున పియానో సీను, ‘బోగోషిప్దా’ పాట, మెర్రీగోరౌండ్, అవి బాగుంటాయి, కాదనను. చోయ్ జీవూ ఏడిస్తే మనకీ ఏడుపొస్తుంది. ఏడవడంలో తప్పులేదు. చూస్తున్నప్పుడు ప్రతి ఎపిసోడ్‌లో ఒక్కసారి ఆపి, ఈ సీన్‌లో ఆమెను ఎవరైనా అడిగారా అని చూసుకోండి. తర్వాత ‘కన్యాశుల్కం’ తీయండి. భాష పాతది, మొదటి పది పేజీలు కొంచెం నెమ్మదిగా సాగుతాయి. బయటికి చదివితే తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే అది మాట్లాడే భాషలోనే రాశారు, అందులోనూ మన వైపు యాస. పుస్తకాల్లో అలాంటి భాష రాయకూడదని పండితులు పట్టుబట్టిన రోజుల్లో రాశారు. మీ అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంటాయి కొన్ని మాటలు. ఆవిడ పక్కన కూర్చుని చదవండి, మీకు అర్థం కానివి ఆవిడే చెప్తుంది. మీ పెళ్లప్పుడు నిన్నెవరైనా అడిగారా అమ్మమ్మా అని కూడా అడగండి. ఆ జవాబు ఏ ఓటీటీలోనూ దొరకదు.

తేహ్వా ఫ్యాన్స్ నామీద కోపంగా ఉంటే చెప్పండి, వాదించుకుందాం. అమ్మమ్మ ఏం చెప్పిందో కూడా, ఆవిడ రాయమంటేనే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.